పుట్టని బండి

మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. రెండు బల్లలు, ఒక స్టాంపు ప్యాడు, మేకులకి వేలాడే ఫారాల కట్టలు, కిటికీ దగ్గర అమ్మ కుర్చీ. వీధి చివర రవాణా ఆఫీసు ఉంది. బండి కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు, రిజిస్ట్రేషన్ పుస్తకం పారేసుకున్నవాళ్ళు ముందు అక్కడికెళ్ళి చీవాట్లు తిని, తర్వాత నా దగ్గరికి వస్తారు. నాకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా నన్ను ఫారాలక్క అనే పిలుస్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. మాట ఇవాళ ఒకలా ఉంటుంది, రేపు ఇంకోలా ఉంటుంది, కాగితం మాత్రం అలాగే ఉంటుందని నా నమ్మకం. ఈ నమ్మకంతో బతకడం చాలా సుఖం. ఎవరితోనూ వాదించక్కర్లేదు, కాగితం తీసి చూపిస్తే చాలు.

అమ్మకి ఎనభై దాటాయి. చూపు మసకేసింది, చెవులు మాత్రం పాము చెవులు. పొద్దున్న కాఫీ తాగి కిటికీ దగ్గర కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేస్తుంది. సందులోకి ఏ బండి వచ్చినా, స్కూటరైనా లారీ అయినా, కాస్త తల వంచి, "ఇది కాదు" అంటుంది. గట్టిగా అనదు. పక్కన ఎవరో అడిగితే బదులిచ్చినట్టు అంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను కాబట్టి నా చెవికి అది గడియారం చప్పుడైపోయింది. ఫారాలు నింపుకోడానికి వచ్చినవాళ్ళు మాత్రం ఉలిక్కిపడి నావైపు చూస్తారు. పెద్దావిడ కదా అంటాను. అక్కడితో ఊరుకుంటారు.

ఆ మాట ఎందుకో చెప్పాలంటే అక్క సంగతి చెప్పాలి. అక్క పోయినప్పుడు దానికి ఏడేళ్ళు, నాకు నాలుగు. అరవై రెండు జులైలో ఒక మధ్యాహ్నం, బడి నుంచి రాగానే అమ్మ దాని చేతికి జల్లెడ ఇచ్చి, కల్వర్టు అవతలి ఇంట్లో ఇచ్చి రమ్మంది. కాసేపటికి అక్క కల్వర్టు కింద రాళ్ళ మీద దొరికింది. జల్లెడ కాలవలో దొరికింది. పిల్ల కల్వర్టు గోడెక్కి ఆడుతూ జారిపడిందని పోలీసులు రాసేశారు. అమ్మ మాత్రం కిటికీలోంచి చూశానంది. ఆకుపచ్చ కారట, కప్ప కళ్ళలాంటి దీపాలట. మలుపులో ఒక పొడుగు హారన్, రెండు పొట్టి హారన్లు వినపడ్డాయట. ఆ మధ్యాహ్నం ఆ కారు అక్కడ ఇంకెవరి కంటా పడలేదు.

రెండేళ్ళు దాటాక పక్క ఊరి నుంచి ఒక ఫొటోగ్రాఫరు వచ్చి బజార్లో స్టూడియో పెట్టాడు. ఆకుపచ్చ కారులో వచ్చాడు. అమ్మ నడివీధిలో ఆ కారుకి అడ్డం నిలబడి, ఇదే, నా పిల్లని గుద్దింది ఇదే అంది. పెద్దలు పోగయ్యారు. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా బండి పుస్తకం తీసి చూపించాడు. తయారైన సంవత్సరం అరవై నాలుగు. పిల్ల పోయింది అరవై రెండులో. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందే అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. పుట్టని బండి పిల్లని గుద్దిందట అని వారం రోజులు చెప్పుకున్నారు. ఆ తర్వాత అమ్మకి అదే పేరైంది. బజార్లో మమ్మల్ని గుర్తుపట్టడానికి, పుట్టని బండి వాళ్ళు అంటే చాలు.

నాన్న నవ్వలేదు. నువ్వు పంపబట్టే పిల్ల పోయింది, అది కప్పిపుచ్చుకోడానికి లేని కారుని పుట్టించావు అన్నాడు. ఆ రోజు నుంచి పోయేదాకా అమ్మతో నేరుగా మాట్లాడలేదు. ఏమైనా ఉంటే నాతో అనేవాడు. మీ అమ్మకి చెప్పు, చొక్కా బొత్తాం ఊడిందని. మీ అమ్మకి చెప్పు, రాత్రికి ఆలస్యమవుతుందని. అమ్మ పక్కనే నిలబడి ఉండేది, నేను మళ్ళీ చెప్పేదాన్ని. నాకు పదేళ్ళప్పుడు, బడిలో ఎవరో ఏడిపిస్తే ఏడుస్తూ వచ్చి, "పుస్తకంలో రాసుంది కదమ్మా, ఇంక ఊరుకో" అన్నాను. ఆ తర్వాత అమ్మ నా దగ్గర ఆ కారు మాట ఎత్తలేదు. ఇది కాదు, ఇది కాదు అని కిటికీ దగ్గర అనుకోవడమే.

ఆ గొడవైన కొన్నాళ్ళకి ఆ ఫొటోగ్రాఫరు మా ఇంటికి ఒక ఫొటో పంపాడు. అక్క చదివిన రెండో తరగతి గ్రూపు ఫొటో. అది పోయిన రోజు పొద్దున్నే బళ్ళో తీసింది. పిల్లల కాళ్ళ దగ్గర పలక మీద తరగతి, తేదీ రాసున్నాయి. మొదటి వరసలో చివర అక్క, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి. చుట్టూ వెడల్పాటి తెల్ల అట్ట పెట్టి, అద్దం బిగించి, చక్కగా ఫ్రేము కట్టించి పంపాడు. మా దగ్గరున్న అక్క ఫొటో అదొక్కటే. అందుకని నాన్న గోడకి తగిలించాడు, అమ్మ కాదనలేదు. ఆ రోజు ఫొటో తీసిందెవరు, బళ్ళోకి దేనిమీద వచ్చాడు అని మాలో ఎవరికీ తట్టలేదు. గోడెక్కి జారిపడ్డ పిల్ల గురించి ఆ ప్రశ్నలు ఎవరడుగుతారు?

మొన్న ఎండాకాలం చివర్లో స్టూడియో అబ్బాయి, ఆ ఫొటోగ్రాఫరు కొడుకు, వచ్చాడు. అబ్బాయి అంటే నా ఈడువాడే, తల నెరిసిపోయింది, కానీ బజారంతా ఇంకా అలాగే పిలుస్తుంది. చిన్నప్పుడే హాస్టల్లో వేశారు, తర్వాత ఎక్కడో ఉద్యోగం. తండ్రి పోయాక వచ్చి స్టూడియో సర్దుతున్నాడు. మా సంగతి అతనికి తెలిసినట్టు లేదు. కుర్చీలో కూర్చుని తండ్రి కారు పుస్తకం నా ముందు పెట్టాడు. పాత కార్ల జాబితాలో ఎక్కించాలంట, ఆ జాబితాలోకి అరవై మూడుకి ముందు తయారైనవే తీసుకుంటారంట. పుస్తకంలో అరవై నాలుగుంది, అది తప్పని అతని అనుమానం.

"పాత పుస్తకం పోయిందని నాన్న అరవై నాలుగులో కొత్తది తీశారటండి. పుస్తకం తీసిన సంవత్సరమే తయారైన సంవత్సరం గడిలో రాసేసినట్టున్నారు. దిద్దించమని ఎన్నిసార్లు చెప్పినా, అదలా ఉండనీ అనేవారు."

ఇలాంటి తప్పులు నేను వందలు దిద్దించాను. గుమాస్తా ఒక గడిలో రాయాల్సింది ఇంకో గడిలో రాస్తాడు, బండి రెండు మూడేళ్ళు చిన్నదైపోతుంది. మామూలు సంగతి. నా చేతులు మాత్రం బల్ల మీద ఉన్నచోటే ఉండిపోయాయి. అరవై నాలుగు నిజమైతే అమ్మది పిచ్చి, నాన్నది న్యాయం, నేను పదేళ్ళప్పుడు అన్నమాట సరైనది. అది అబద్ధమైతే ఏమిటో ఆలోచించడానికి నాకు ధైర్యం చాల్లేదు. పంపించేద్దామా అనుకున్నాను. నా మొండితనం ఒప్పుకోలేదు. పరీక్ష చేసి అరవై నాలుగేనని తేల్చేస్తే ఇన్నేళ్ళ గోల వదిలిపోతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే అందుకే ఒప్పుకున్నాను. ఛాసిస్ నంబరు అచ్చు తియ్యాలి, రేపు పొద్దున్న బండి తీసుకురండి అని పంపాను.

మర్నాడు పది గంటలకి నేను ఏదో ఫారం నింపుతున్నాను. సందులో ఇంజను చప్పుడైంది. అమ్మ మాట కోసం నేను ఎదురుచూడను, అది దానంతటదే వస్తుంది. ఆ రోజు రాలేదు. మలుపులో హారన్ మోగింది. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా. బండి మా గుమ్మం ముందు ఆగింది. అమ్మ తల వంచలేదు, పెదవి కదపలేదు. కుడిచెయ్యి మాత్రం కుర్చీ పక్కకి జార్చి, అక్కడున్న దేన్నో దగ్గరికి లాక్కుంటున్నట్టు వేళ్ళు ముడిచింది.

బయటికొచ్చాను. ఆకుపచ్చ రంగు, ముందుకి పొడుచుకొచ్చిన గుండ్రటి దీపాలు. కుడి దీపం అద్దం పాతబడి పచ్చగా ఉంది, ఎడమది దానికంటే కొత్తది. సందులో హారన్ ఎందుకు కొట్టారని కాస్త కసిరినట్టే అడిగాను.

"నేను కొట్టలేదండి," అన్నాడతను. "ఈ బండికి హారన్ లేదు."

బానెట్ ఎత్తి చూపించాడు. హారన్ ఉండాల్సిన చోట రెండు ఖాళీ బోల్టు రంధ్రాలున్నాయి. వాటి చుట్టూ తుప్పు కూడా పాతది. తీగ కొస కత్తిరించి, గుడ్డ చుట్టి, పక్కకి కట్టేశారు. తనకి తెలిసి ఎప్పుడూ లేదన్నాడు, తండ్రి పెట్టనివ్వలేదట. హారన్ లేకపోతే బండి పాస్ కాదని నేను అన్నాను. ఆ మాట అంటున్నది నేనేనా అనిపించింది.

నంబరు అచ్చు తియ్యడం పెద్ద విద్యేం కాదు. రేకు మీద చెక్కిన నంబరుని గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం అంటించి, మెత్తటి పెన్సిలు పక్కవాటుగా పెట్టి రుద్దాలి. చుట్టూ నల్లబడి, అంకెలు తెల్లగా తేలతాయి. అప్పుడే ఇంజను ఆగిన బండి, పైన ఎండ. ఆ రేకు మాత్రం కుండ అడుగులా చల్లగా ఉంది. మూడుసార్లు తీశాను. మొదటిసారి కాగితం జరిగింది, రెండోసారి చిరిగింది. మూడోసారి వచ్చిన అచ్చు లోపలికి తెచ్చి, కంపెనీల పాత జాబితా తీసి, నంబరు మొదట్లో ఉన్న అక్షరం ఏ సంవత్సరానిదో వెతికాను. అరవై ఒకటి. మళ్ళీ చూశాను. నా కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

అమ్మ కుర్చీలోంచే, ఎవరిది ఆ బండి అనడిగింది. స్టూడియో వాళ్ళది అన్నాను. ఊఁ అంది.

ఆ సాయంత్రం రవాణా ఆఫీసుకి వెళ్ళి అచ్చు చూపించాను. ఇన్‌స్పెక్టరు నాకు బాగా తెలిసినవాడు. రేకు మార్చి నాలుగు రివెట్లు కొట్టడం ఎంతసేపక్కా, అరవై మూడుకి ముందు ఈ బండి ఉన్నట్టు ఇంకో ఆధారం ఏదైనా తెమ్మన్నాడు. నాలో సగం సంతోషించింది. ఆధారం దొరక్కపోతే దిద్దక్కర్లేదు, అరవై నాలుగు అరవై నాలుగుగానే ఉండిపోతుంది. ఇంత వయసొచ్చి కూడా నేను నాన్న కూతురినే అని ఆ రాత్రి సిగ్గుపడ్డాను.

ఆధారం దొరికింది. రెండు రోజుల తర్వాత స్టూడియో అబ్బాయి ఉత్సాహంగా వచ్చి ఒక కవరు నా బల్ల మీద పెట్టాడు. స్టూడియో వెనకగదిలో గాజు పలకల పాత నెగటివులు వెతికితే ఒకదాంట్లో కారు కనపడిందట, ప్రింటు వేయించి తెచ్చాడు.

"చూడండి, తేదీ కూడా ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?"

పద్దెనిమిది ఏడు అరవై రెండు. పలక మీద సుద్దతో రాసుంది, దాని పైన రెండో తరగతి అని ఉంది. కుడివైపు, బడి గోడ నీడలో, కప్పలా కూర్చుని ఉంది కారు. అద్దాల్లో ఎండ మెరుస్తోంది. దానికి రెండు బారల దూరంలో, మొదటి వరసలో చివర, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మా అక్క.

నేను లేచి గోడ మీద ఫ్రేము దించాను. వెనక మేకులు కత్తెరతో ఊడబీకాను. అతను ఏమైందండి, ఏమైందండి అంటున్నాడు. తెల్ల అట్ట తీశాను. యాభై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే నేను తుడిచే అద్దం వెనక, అట్ట కప్పిన నాలుగు వేళ్ళ వెడల్పులో, అదే కారు ఉంది. అమ్మ కుర్చీకి మూడు అడుగుల దూరంలో ఉంది. నాన్న దాని కింద కూర్చునే భోంచేసేవాడు. మీ అమ్మకి చెప్పు అని దాని కింద కూర్చునే నాతో అనేవాడు.

అతనికి చెప్పాను. కూర్చోబెట్టి, మొదటి నుంచీ, జల్లెడతో సహా చెప్పాను. కోపంతో చెప్పాను, దాచుకోను. అతను వింటున్నకొద్దీ నీరుగారిపోయాడు. చివరికి, నాన్న ఈ సందులోకి ఎప్పుడూ వచ్చేవారు కాదు, స్టేషనుకి వెళ్ళాలన్నా ఊరు చుట్టి వెళ్ళేవారు, ఎందుకంటే చెప్పేవారు కాదు అన్నాడు. తర్వాత బల్ల మీద దరఖాస్తు మీద చెయ్యి వేశాడు. అది ఇచ్చెయ్యండి, నేను దిద్దించుకోను అన్నాడు. ఆయన పోయారు, మీ అక్క పోయింది, అదలా ఉండనివ్వండి అన్నాడు. తండ్రి అన్నమాటే అన్నానని అతనికి తట్టినట్టుంది, తల దించుకున్నాడు.

దరఖాస్తు అతనిది. అతని సంతకం లేకపోతే నా చేతిలో ఏమీ లేదు. ఆ ఫొటో పట్టుకుని నేను బజారంతా తిరగొచ్చు, తిరిగితే పుట్టని బండావిడ కూతురికి కూడా మొదలైందంటారు. అమ్మని అబద్ధాలకోరుని చేసింది ఆ పుస్తకంలో ఒక గడి. ఆ గడే మారాలి. ఇది అతనికి ఎలా చెప్పాలో తెలీక పక్కనున్న ఫారాల కట్ట సర్దుతూ కూర్చున్నాను. కాగితాలతో తప్ప మాట్లాడ్డం నేర్చుకోకపోతే ఇలాగే ఉంటుంది.

అప్పుడు అమ్మ మాట్లాడింది.

"బాబూ, మీ నాన్న హారన్ కొట్టాడు."

అతను అటు తిరిగాడు.

"ఊరికే గుద్దేసి పోయాడని నేనెప్పుడూ అనలేదు. మలుపు తిరిగాడు, పిల్ల అడ్డంగా ఉంది. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా కొట్టాడు. ఇది జల్లెడ కళ్ళకడ్డం పెట్టుకుని, దాంట్లోంచి ఎండ చూసుకుంటూ నడుస్తోంది. పక్కకి తప్పుకుందామనుకుని కారు తిరిగిన వైపే తప్పుకుంది. ఆయన తప్పు కొంతే. నా తప్పు కొంత. ఈ మాట చెబుదామంటే, అసలు బండే లేదన్నారు. లేని బండి హారన్ కొట్టిందంటే ఎవరు వింటారు?"

అతను కళ్ళు తుడుచుకోను కూడా లేదు. తండ్రి తన చేత్తోనే హారన్ విప్పేశారట. ఇంకో బండి ఏదైనా వీధిలో అలా మోగిస్తే చెవులు మూసుకునేవారట. ముసలితనం అనుకున్నాను అన్నాడు. తర్వాత నా పెన్ను తీసుకుని దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. ఫొటో వెనక కూడా, ఇది మా నాన్నగారు తీసినది, ఇందులోని కారు మాదే అని రాసి సంతకం పెట్టాడు. నేను అడగలేదు.

రవాణా ఆఫీసులో పని నాలుగు రోజులు పట్టింది. ఇన్‌స్పెక్టరు ఫొటో చూసి, పలక మీద తేదీ కూడా ఉందే, బంగారంలాంటి ఆధారం అన్నాడు. పిల్లల వైపు చూడలేదు, అతని పని అది కాదు కదా. గుమాస్తా అరవై నాలుగు మీద ఎర్ర గీత గీసి, పక్కన అరవై ఒకటి రాసి, స్టాంపు కొట్టాడు. స్టాంపు చప్పుడు ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. ఆ రోజు సిరా ఆరేదాకా అక్కడే నిలబడ్డాను.

పుస్తకం అతనికి ఇచ్చే ముందు ఇంటికి తెచ్చాను. మిట్టమధ్యాహ్నం. అమ్మ కిటికీ దగ్గరే ఉంది. నేను గుమ్మం ఎక్కుతుండగా సందులోంచి ఒక స్కూటరు వెళ్ళింది, దాని వెనకే ఒక లారీ. అమ్మ ఏమీ అనలేదు. ఆ కారు వచ్చిన రోజు నుంచీ అనడం లేదని నాకు అప్పుడు తట్టింది. వారం రోజుల నుంచి ఇంట్లో గడియారం ఆగినట్టుంటే, పని ఒత్తిడి అనుకుంటున్నాను.

"అమ్మా, ఇది కాదు అనడం మానేశావేం?" అన్నాను.

"అడగట్లేదు కదా," అంది.

"ఎవరు?"

అమ్మ నావైపు తిరిగింది. ఇన్నేళ్ళూ నాకు తెలుసనుకున్నట్టు, తెలియదంటే నమ్మలేనట్టు చూసింది. "ప్రతి బండికీ అడిగేది, ఇదేనా అమ్మా అని. కాదని చెబితే గానీ ఊరుకునేది కాదు. ఆ రోజు హారన్ వినగానే వచ్చి నా కొంగు కింద దూరింది. అప్పట్నుంచీ ఇక్కడే ఉంది. మాట్లాడట్లేదు."

మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి నేల మీద పడుతోంది. కుర్చీ పక్కన ఎవరూ లేరు. అమ్మ కుడిచెయ్యి కిందికి వేలాడుతోంది, వేళ్ళు దేన్నో నిమురుతున్నాయి, అంతే. నాకు భయమేసింది. భయం కన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది. అమ్మా, నీ మాటే నిజం, నేను నిన్ను నమ్మలేదు అన్నాను. అంతకన్నా చెప్పడం నాకు రాలేదు. సంచిలోంచి పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి, అమ్మ కళ్ళ ముందు పెట్టాను. ఎర్ర గీత, కొత్త అంకె, స్టాంపు. మసక చూపుకి కనపడతాయో లేదోనని పైకి చదివాను.

అమ్మ పుస్తకం వైపు చూడలేదు. నా మణికట్టు పట్టుకుని మెల్లిగా కిందికి వంచింది.

"కాస్త కిందికి పట్టుకోవే," అంది. "దానికి అందట్లేదు."

నేను నేల మీద మోకాళ్ళు వేసి కూర్చున్నాను. ఏడేళ్ళ పిల్ల కళ్ళకి అందేంత ఎత్తులో పుస్తకం పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మళ్ళీ మొదటి నుంచి చదివాను.